మర్నాటి చూపు

మార్చి 3, ఉదయం

ముందు తారీఖు వేయాలన్నాడు కింది వాటాలో ఉండే, నేను తమ్ముడని పిలిచే టైపిస్టు. వేశాడు. కోర్టులో టైపు కొట్టి రిటైరైన మనిషి. ఏ రోజు జరిగింది ఆ రోజే రాయించుకోండి అక్కయ్యగారూ, విచారణలో నిలబడ్డప్పుడు తడబడకుండా ఉంటారు అన్నాడు. నాకు అక్షరం ముక్క రాదు. నోరుంది. నేను చెబుతాను, ఆయన రాస్తాడు. మీ మాటల్ని కాస్త సాపు చేస్తానన్నాడు. సాపు చేయి, చప్పగా మాత్రం చేయకు అన్నాను.

నా కేసు ఇది. నా మనవరాలు మోటారు సైకిల్ రేసులు తోలుతుంది. సరదాకి కాదు, అదే దాని ఉద్యోగం. టీమ్ ఉంది, జీతం ఉంది, లైసెన్సు ఉంది. ఉండేది. అందరూ దాన్ని పిడుగు అంటారు. పోయిన నవంబరు రేసులో, ఆఖరి మలుపు దగ్గర, వెనక నుంచి లోపలి దారిన దూసుకొచ్చిన కుర్రాడు దాని బండికి తగిలి ఎగిరిపడ్డాడు. అతని పేరు ఈల. పెట్టిన పేరు కాదు. మలుపు ముందు గేరు దించితే అతని బండి అచ్చం ఈల వేసినట్టు కూస్తుంది, అందుకని. తుంటి విరిగింది, కాలు నుజ్జయింది. ఇక రేసు బండి ఎక్కలేడు. ఇది రేసులో జరిగే ప్రమాదమే, ఎవరి తప్పూ లేదని ఆ రోజే ట్రాక్ అధికారులు తేల్చారు.

ఆ రేసుల మీద ఒకాయన సినిమా తీశాడు. కథ సినిమా కాదు, జరిగింది జరిగినట్టు చూపించేది. డాక్యుమెంటరీ అంటారట. ఫిబ్రవరిలో థియేటర్లకొచ్చింది. అందులో ఆఖరి మలుపుకి ముందు మా పిల్ల హెల్మెట్ వెనక్కి తిప్పి చూస్తుంది. చూసి, దారి మూసేస్తుంది. ఆ కుర్రాడు గాల్లోకి లేస్తాడు. చూసినవాళ్లు ఏమంటారు? కావాలనే పడేసింది అంటారు. అన్నారు. ఊరంతా అన్నారు. దాంతో రేసింగ్ బోర్డు లైసెన్సు ఆపేసి, ఈ నెల ఇరవై ఆరున విచారణకి రమ్మంది. ఏప్రిల్లో కొత్త సీజను. అప్పటికి లైసెన్సు చేతికి రాకపోతే టీమ్ వాళ్లు దాని బండి ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఇరవై మూడేళ్ల పిల్ల. వేరే పని చేతకాదు, చేయదు.

ఆ చూపు ఆ రోజుది కాదు. మర్నాటిది. నా కళ్లతో నేను చూశాను.

మార్చి 4

నిన్నటిది చదివి వినిపించమన్నాను. మర్నాడు నేనక్కడ ఎందుకున్నానో లేదు. రాయి.

రేసు రోజున నేను ట్రాక్ వైపు చూడను. పిట్‌లో, అంటే టీమ్ బండ్లు ఆపుకునే చోట, ప్లాస్టిక్ కుర్చీ గోడ వైపు తిప్పుకుని కూర్చుంటాను. నా కూతురు పోయాక దీన్ని పెంచి పెద్దచేసింది అది పడుతుంటే చూడటానికి కాదు. మా అల్లుడు దాని మెకానిక్. మధ్య మధ్యలో వచ్చి, ఇంకా నాలుగు రౌండ్లే అత్తయ్యా అంటాడు. నిన్నెవరడిగారు నాయనా అంటాను. అలా నడిచిపోతోంది.

రేసు మర్నాడు సినిమా వాళ్లు దాన్ని రమ్మన్నారు. రేసులో కెమెరాకి దొరకని ముక్కలు కొన్ని ఖాళీ ట్రాక్ మీద మళ్లీ తీసుకుంటారట. అదే సూటు, అదే నంబరు. రైడర్లందరూ చేసేదే. ఫోటోకి నిలబడినట్టు వాళ్లకి. ట్రాక్ మీద ఒక్క బండే కదా, భయమేముందని నేను కుర్చీ ఇటు తిప్పుకుని మొదటిసారి చూశాను. వెనకాల కెమెరా జీపు వెళ్లింది. ఎవరో వస్తున్నట్టు ఒకసారి వెనక్కి చూడమ్మా అని డైరెక్టరు మైకులో అరిచాడు. చూసింది. ఇంకోసారి అన్నాడు. మళ్లీ చూసింది. ఆస్పత్రికి పోయి ఈలను చూడాలని దాని తొందర. త్వరగా తెమిలితే చాలని చెప్పినట్టల్లా చేసింది.

బోర్డుకి చెప్పలేకపోయావా అంటే, చెప్పాను అమ్మమ్మా, ఆధారం ఏదన్నారు అంది. నేను చూశానుగా అన్నాను. నువ్వు అమ్మమ్మవి అంది.

అమ్మమ్మకి కళ్లుండవా?

మార్చి 6

డైరెక్టరు ఆఫీసుకి వెళ్లాను. గది చిన్నది, తెరలు ఎక్కువ. గది లోపల కూడా టోపీ తీయడు. లేచి కుర్చీ వేశాడు, కాఫీ ఇచ్చాడు, మర్యాదకేం లోటు లేదు. సూటిగా అడిగాను. అవును మామ్మగారూ, ఆ షాట్ మర్నాటిదే, అయితే ఏం అన్నాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది. అయితే ఏమా అన్నాను.

అతను చేతులు తిప్పుతూ చెప్పుకొచ్చాడు. బోర్డు వాళ్ల కెమెరా దూరంగా ఎక్కడో ఉంది, అందులో రెండు బండ్లూ ఒక మచ్చలా కలిసిపోయాయి. ఈల బండికి కట్టిన మా కెమెరా పగిలిపోయింది. మలుపు పక్కన పెట్టినదానికి ఢీకొట్టడం ఒక్కటే దొరికింది. రెండు ఇనప ముక్కలు ఢీకొంటే చూసేవాడికి ఏమర్థమవుతుంది మామ్మగారూ, మనిషి మనిషిని చూడాలి, అప్పుడు గుండె ఆగుతుంది అన్నాడు. ఎవరి గుండె ఆగాలి నాయనా అన్నాను. అందరం ఇలాగే తీస్తాం, షాటు ఎప్పటిదైనా భావం నిజమే కదా అన్నాడు. నీ పెళ్లి ఫోటోలో నీ పక్కన ఇంకో ఆవిణ్ణి అతికించి, భావం నిజమే కదా అంటే మీ ఆవిడ ఊరుకుంటుందా అన్నాను.

నవ్వాడు. మనసారా నవ్వాడు. అందుకు ఇంకా మండింది.

ఈ ముక్కే బోర్డు ముందు చెప్పు అన్నాను. సినిమా ఇప్పుడు నా చేతిలో లేదు, కొన్న కంపెనీ ఒప్పుకోదు అన్నాడు. కాఫీ తాగకుండా వచ్చేశాను. మంచి వాసన వచ్చింది గానీ.

మార్చి 7

కాలు నిలవడం లేదు. వంటగది నుంచి వీధి గుమ్మానికి, గుమ్మం నుంచి వంటగదికి. రాయడానికేమీ లేదు, ఇక లే తమ్ముడూ.

మార్చి 9

ఇవాళ ఆ సినిమా మధ్యాహ్నం ఆటకి ఒక్కదాన్నే వెళ్లాను. ఇంట్లో చెప్పలేదు.

నేననుకున్నది వేరు. ఆ చూపు ఎక్కడుందో చూసుకుని, తిట్టాల్సింది తిట్టుకుని వచ్చేద్దామనుకున్నాను. దీపాలు ఆరాయి. తెరంతా రోడ్డు. బండి ముక్కు మీద కూర్చోబెట్టినట్టుంది నన్ను. పక్కనున్న కంచె గీతలా సాగిపోతోంది. మలుపు వచ్చింది, నేలంతా పక్కకి ఒరిగింది, మోకాలు తారుకి రాసుకుని పొగ లేచింది. నా కాళ్లు నాకు తెలియకుండా ముందు సీటుకి తన్నిపెట్టుకున్నాయి. ముందాయన వెనక్కి తిరిగి చూశాడు. చూడనీ.

ఇన్నేళ్లూ నేను గోడ వైపు చూస్తూ కూర్చున్నప్పుడు అది చేస్తున్నది ఇదా!

గ్లాసులో నీళ్లు కూడా నిలవని వాలు మీద మనిషి నిలుస్తుంది. నలుగురు ఒకే సందులోకి దూరతారు, ముగ్గురు బయటికొస్తారు, నాలుగోవాడు గడ్డిలో దొర్లుతుంటాడు. దొర్లినవాడు లేచి బండి వైపే పరుగెత్తుతాడు గానీ ఇటు రాడు. భయమేసింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, బాగుంది కూడా. ఒకచోట మా పిల్ల ఒకేసారి ఇద్దర్ని దాటేసింది. నేను నా తొడ చరుచుకున్నాను. ఇది రాయాలా అక్కయ్యగారూ అంటున్నాడు తమ్ముడు. రాయి.

అప్పుడొచ్చింది ఆఖరి మలుపు. ఆ హెల్మెట్ నెమ్మదిగా వెనక్కి తిరిగింది. నల్లటి అద్దం. లోపల కళ్లు కనబడవు, అందుకే ఇంకా చెడ్డగా ఉంది. హాలంతా అయ్యో అంది. ఎవడో మా పిల్లని పచ్చి బూతు తిట్టాడు.

లేచి నిలబడ్డాను. అది మర్నాటిది! ఆ చూపు మర్నాటిది! ట్రాక్ ఖాళీగా ఉన్నప్పుడు తీసింది! అని అరిచాను. కూర్చోవమ్మా అన్నారు. కూర్చోలేదు. టార్చి పట్టుకుని ఒకతను వచ్చి, బయటికి దయచేయండి మామ్మగారూ అన్నాడు. దయచేశాను.

మార్చి 10

మళ్లీ వెళ్లాను. మళ్లీ అరిచాను. టార్చి అతను ఈసారి ఆ మలుపు రాకముందే వచ్చి నా పక్కన నిలబడ్డాడు. అయినా అరిచాను. అతని చెయ్యి నా నోటికి అందలేదు, పొట్టివాడు.

ఒకటి గమనించాను. చివరి సీటులో ఒకావిడ ఆఖరి మలుపు రాబోతుండగా లేచి బయటికి వెళ్లిపోయింది. నిన్న కూడా వెళ్లింది. బాత్రూముకేమో అనుకున్నాను.

మార్చి 12

నా అరుపుని ఎవడో ఫోనులో పట్టి అందరికీ పంపాడట. మా అల్లుడు వర్క్‌షాప్ నుంచి వచ్చి తల పట్టుకుని కూర్చున్నాడు. బండి బాగుచేయించుకోవడానికి వచ్చినవాళ్లు, థియేటర్ మామ్మ మీకేమవుతుంది అని అడుగుతున్నారట. ఏం చెప్పావు అన్నాను. అత్తగారని చెప్పాను, బిల్లులో తగ్గించమని ఎవరూ అడగలేదు అన్నాడు. ఇన్నాళ్లకి ఒక మంచి మాట అన్నాడు.

ఇవాళ కొందరు నా అరుపు వినడానికే టిక్కెట్టు కొన్నారు. అరవండి మామ్మా అని వెనక నుంచి ఉత్సాహం. కానీ నా కన్ను ఆ చివరి సీటు మీదే ఉంది. మలుపు రాబోతోంది, ఆవిడ లేచింది. నేను అరవడం మాని ఆవిడ వెనకాలే వెళ్లాను.

బయట వరండాలో బెంచీ మీద కూర్చుని రెండు చెవులూ మూసుకుని ఉంది. పక్కన కూర్చున్నాను. కాసేపటికి చేతులు తీసింది. మీరే కదా పిడుగు అమ్మమ్మ అంది. అవునన్నాను. నేను ఈల వాళ్లమ్మని అంది.

నేను బెంచీ చివరికి జరిగాను.

ఆవిడే చెప్పింది. రోజూ వస్తానమ్మా, ఆ మలుపు దాకా నా కొడుకు బాగానే ఉంటాడు అంది. నవ్వుతాడు, గ్లవ్స్ తొడుక్కుంటాడు, వాళ్ల మెకానిక్‌ని ఆటపట్టిస్తాడు, ఎంత పెద్ద తెర మీద ఎంత పెద్దగా ఉంటాడో అంది. ఇంటికెళితే మంచం మీద గోడ వైపు తిరిగి ఉంటాడు అంది.

ఆ చూపు మర్నాటిదమ్మా, ఒట్టు అన్నాను. ఎవరో ఒకరు ఏదో ఒకటి అనాలి కదా.

ఎప్పటిదో నాకెందుకు అంది. గొంతు పెంచలేదు. మీ పిల్ల వెనక్కి చూసిందా లేదా నాకనవసరం, వెనకాల నా కొడుకున్నాడని తెలుసా లేదా, అదొక్కటి అడగండి మీ పిల్లని అంది.

మార్చి 13

అడగలేదు. రెండుసార్లు దాని గది దాకా వెళ్లి వచ్చాను. ఏం కావాలి అమ్మమ్మా అంది. కత్తెర అన్నాను. రెండోసారీ కత్తెరే అన్నాను.

మార్చి 14, మధ్యాహ్నం

అడిగాను.

పెరట్లో తీగ మీద దాని తోలు సూటు వేలాడదీసి, తడి గుడ్డతో తుడుస్తోంది. లైసెన్సు లేకపోయినా రోజూ తుడుస్తుంది. నేను గుమ్మంలో నిలబడి, నువ్వు చూడలేదని నాకు తెలుసు, వాడున్నాడని తెలుసా అన్నాను.

భుజం దగ్గర తుడిచిన చోటే మళ్లీ తుడిచింది. మళ్లీ తుడిచింది. ఆ తర్వాత గుడ్డ బకెట్లో పడేసి, తెలుసు అంది.

ఈల వినిపించింది అమ్మమ్మా, అంత దగ్గరగా ఎప్పుడూ వినిపించలేదు, చెవి పక్కనే ఉన్నట్టుంది అంది. లోపలి వైపున ఉన్నాడని, నేను దారి మూస్తే అతనికి మిగిలేది బ్రేకేనని తెలుసు, మూశాను అంది. ప్రతి మలుపులోనూ ఇదే జరుగుతుందట. ముందున్నవాళ్లు మూస్తారు, వెనకున్నవాళ్లు తగ్గుతారు. లేదా వెనకున్నవాళ్లు తోసుకొస్తారు, ముందున్నవాళ్లు తగ్గుతారు. ఎవరో ఒకరు తగ్గుతారు కాబట్టే అందరూ ఇంటికొస్తున్నారట. ఆ రోజు ఇద్దరం తగ్గలేదు అంది. ఆఖరి రౌండు కదా అంది.

మరి చూపు అబద్ధమని ఎందుకు కొట్టుకున్నావే అన్నాను. చూపు అబద్ధమే కదా అంది. అమ్మమ్మా, ఆ సినిమాలో ఆ ఒక్కటే అబద్ధం అంది.

నాకు ఆ సూటు ఖాళీగా వేలాడుతుంటే లోపల ఎవరో ఉన్నట్టనిపించింది. దాని గడ్డం పట్టుకుని చెప్పాను. ఈ మాట నా దగ్గర అన్నావు, సరే. మీ నాన్న దగ్గర కూడా అనకు. బోర్డు అడిగేది చూపు గురించి. చూపు గురించే చెప్పు. వినికిడికి సాక్షి ఎవడు? నీ చెవి నీది.

అది నా చెయ్యి తీసేసింది. గట్టిగా కాదు. తీసేసింది.

మార్చి 15

నిన్నటి పేజీ చింపేయమన్నాను. తమ్ముడు చింపనన్నాడు. కోర్టులో పనిచేసిన చెయ్యి కదా, రాసింది చింపదట. అయితే బోర్డుకి చూపించేది లేదన్నాను. ఇది మీ ఇంటి పుస్తకం, చూపించమని నేను చెప్పానా అన్నాడు. కోపంగా మెట్లు దిగిపోయాడు. ఆయనకీ కోపం వస్తుందని ఇవాళే తెలిసింది.

థియేటర్‌కి వెళ్లలేదు. గొంతు బాగాలేదని చెప్పాను. గొంతు బాగానే ఉంది.

మార్చి 18

డైరెక్టరే మా ఇంటికొచ్చాడు. టోపీ చేతిలో ఉంది. టోపీ లేకపోతే పాపం బట్టతల.

కంపెనీ వాళ్లు నా వీడియో చూసి కంగారుపడుతున్నారట. జనం సినిమా మొత్తాన్నే నమ్మడం మానేస్తున్నారట. థియేటర్లలో అరవడం ఆపండి మామ్మగారూ, మీరేమంటే అది చేస్తాను అన్నాడు. నేను మూడు రోజులుగా వెళ్లడమే లేదని అతనికి తెలియదు. నేనెందుకు చెబుతాను?

ఇరవై ఆరున బోర్డు ముందు నా దగ్గర అన్న మాటే అను, నేను మళ్లీ అరిస్తే అడుగు అన్నాను. ఒప్పుకున్నాడు. ఈసారి మా ఇంట్లో కాఫీ అతను తాగలేదు. మా అల్లుడు పెట్టాడు మరి.

పనైపోయింది. గెలిచినట్టే. అలాంటప్పుడు నాకు కూర్చుంటే లేవాలని, లేస్తే కూర్చోవాలని ఎందుకుంటోంది? చెయ్యి ఊరుకోక అలమరలోని గిన్నెలన్నీ దించి తోమాను. తోమినవే తోమాను. పిడుగు వచ్చి చూసి ఒక్కొక్కటీ తుడిచి పెట్టింది.

మార్చి 25

దానికి మళ్లీ చెప్పాను. అడిగినదానికి జవాబు, అంతకు మించి ఒక్క ముక్క వద్దు. తల ఊపింది. ఏ వైపుకి ఊపిందో అర్థం కాలేదు.

మార్చి 26, సాయంత్రం

అంతా అయిపోయింది. రాయి. మధ్యలో ఆపకు.

పొడుగాటి బల్ల. అవతల ముగ్గురు. మధ్యలో ఛైర్మన్. ఒకప్పుడు ఆయనా రైడరేనట, ఎడమ మోచెయ్యి చాపలేడు, కాగితాలన్నీ కుడి చేత్తోనే తిప్పుతున్నాడు. ఇవతల మేము ముగ్గురం. డైరెక్టరు కిటికీ దగ్గర. ఈల వాళ్లమ్మ వెనక కుర్చీలో కూర్చుంది. నన్ను చూసింది. నేను చూడనట్టున్నాను.

డైరెక్టరు లేచి చెప్పేశాడు. ఒక్క మాట దాచలేదు. ఆ షాటు రేసు మర్నాడు తీసింది, నేను చూడమంటేనే ఆమె చూసింది, ఎడిటింగులో అక్కడ పెట్టాం, వెలుగు కలవడానికి కాస్త మబ్బు రంగు వేశాం అన్నాడు. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని ఛైర్మన్ గద్దించాడు. మీరెవరూ అడగలేదండి అన్నాడు. అన్నాడే గానీ చెవులు ఎర్రబడ్డాయి.

ఛైర్మన్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. అయితే ఇందులో ఇక మిగిలిందేమీ లేదు అన్నాడు. మా అల్లుడు గట్టిగా ఊపిరి వదిలాడు. నేను సంచీ భుజాన వేసుకున్నాను. అప్పుడు, ముగించే ముందు ఏదో ఒకటి అడగాలన్నట్టు, పిల్ల వైపు తిరిగి, అతను లోపలి వైపు నుంచి వస్తున్నట్టు నీకు తెలియదు కదమ్మా అన్నాడు. జవాబు కూడా ఆయనే ఇచ్చేశాడు. మా పిల్ల చేయాల్సిందల్లా తల ఆడించడం.

తెలుసండి అంది.

ఛైర్మన్ కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు.

చూడలేదు, విన్నాను అంది. ఛైర్మన్ దానికి ఇంకో తలుపు తెరిచాడు. అన్ని ఇంజన్ల హోరులో ఎవరిదో ఒకరిది వినిపించి ఉంటుంది, అతనిదేనని ఎలా చెప్పగలవమ్మా అన్నాడు. అతనిది ఈల వేస్తుందండి అంది. అక్కడున్న అందరికీ తెలుసు ఆ సంగతి.

తెలిసి ఎందుకు మూశావు అన్నాడు. ఇప్పుడు గొంతు మారింది.

ఆగుతాడనుకున్నాను అంది. అతని చోట నేనుంటే ఆగేదాన్ని అంది. మళ్లీ తనే, ఆగేదాన్ని కాదేమో అంది.

నేను లేచాను. ఏం చెప్పడానికి లేచానో నాకే తెలియదు. దానికి మతి లేదు, రాసుకోకండి అందామనుకున్నానేమో. థియేటర్లో జనం మధ్య నిలబడి అది అబద్ధం, అది అబద్ధం అని గొంతు చించుకున్న దాన్ని. ఇప్పుడు నోరు తెరిస్తే అబద్ధం తప్ప ఇంకేదీ వచ్చేలా లేదు. మీరేమైనా చెప్పాలా అమ్మా అన్నాడు ఛైర్మన్. ఫ్యాను తగ్గించమన్నాను.

తీర్పు తర్వాత చెబుతామన్నారు. బయటికొస్తుంటే ఈల వాళ్లమ్మ పిడుగుకి ఎదురుగా నిలబడింది. కొడుతుందేమో అనుకున్నాను, అడ్డం వెళ్లబోయాను. కొట్టలేదు. దాని మొహం కేసి చాలాసేపు చూసి, పక్కకి తప్పుకుంది.

మార్చి 27

దానితో మాట్లాడటం లేదు.

మార్చి 29

అదీ నాతో మాట్లాడటం లేదు. మా అల్లుడు ఇద్దరి మధ్యా ఉప్పూ కారం అందిస్తున్నాడు. కూతురితో ఏమన్నావు అని అడిగాను. ఇంజన్లో ఏదో చప్పుడొస్తోందని తెలిసీ చెప్పని కస్టమరంటే నాకు మంట, చెప్పినవాళ్ల మీద నాకు కోపం రాదు అత్తయ్యా అన్నాడు. నీ వర్క్‌షాప్ మాటలు నాకొద్దు అన్నాను.

ఏప్రిల్ 2

తీర్పు వచ్చింది. తమ్ముడే చదివాడు. ట్రాక్ మీద సినిమా తీయనిచ్చింది బోర్డే కాబట్టి, అందులోంచి ఆ చూపు తీసేయాలి. ప్రమాదం ప్రమాదమే, కావాలని చేసింది కాదు. కానీ పక్కన మనిషి ఉన్నాడని తెలిసీ చోటు వదలలేదు కాబట్టి ఈ సీజనుకి లైసెన్సు లేదు. వచ్చే సీజను తోలుకోవచ్చు.

కాగితం ఇస్తూ ఛైర్మన్ మా అల్లుడితో విడిగా అన్నాడట. మా రోజుల్లోనూ అందరికీ వినిపించేది, ఎవరూ చెప్పేవాళ్లం కాదు, ఈ అమ్మాయి చెప్పింది, చెప్పాక నేను వినలేదని ఎలా అనను అన్నాడట.

మధ్యాహ్నానికి టీమ్ వాళ్ల ఫోను వచ్చింది. బండి ఇంకొకరికి ఇచ్చారు. వచ్చే ఏడు సంగతి వచ్చే ఏడే అన్నారు.

ఒక్క మాట. తల ఆడిస్తే సరిపోయేది. నా కష్టమంతా బల్ల మీద పెట్టి చేత్తో తోసేసింది. తిట్టాను. కడుపు నిండా తిట్టాను. విని, అయిపోయిందా అమ్మమ్మా అంది. అయిపోయింది అన్నాను. అన్నం పెట్టమంది. పెట్టాను. రెండుసార్లు వడ్డించుకుని తింది. నవంబరు తర్వాత అది అలా తినడం ఇదే చూడటం.

ఏప్రిల్ 11

చూపు నిజంగా తీసేశారో లేదో చూడాలని థియేటర్‌కి వెళ్లాను. టార్చి అతను గుర్తుపట్టి దణ్ణం పెట్టాడు. ఇవాళ నోరెత్తను నాయనా అన్నాను.

చివరి సీటులో ఈల వాళ్లమ్మ ఉంది. పక్క సీటు ఖాళీగా ఉంటే కూర్చున్నాను. ఆవిడ సంచీ ఒళ్లోకి తీసుకుంది.

ఆఖరి మలుపు రాబోతోంది. ఇప్పుడు లేస్తుందనుకుని కాళ్లు పక్కకి తీసుకున్నాను. లేవలేదు.

చూపు లేదు. తీసేశారు. రెండు బండ్లు వచ్చాయి, ఒకే సందు ఉంది, అంతే. ఒకటి గడ్డిలో ఉంది, ఒకటి వెళ్లిపోయింది. రెప్ప కూడా పడలేదు నాకు. హాల్లో ఎవరూ అయ్యో అనలేదు. ఎవరినీ తిట్టలేదు. తిట్టడానికి అక్కడ ఎవరూ లేరు. ఆ హెల్మెట్ తిరగడం ఉన్నప్పుడు మనకి కోపమైనా ఉండేది. ఇప్పుడు రోడ్డుంది, ధూళి ఉంది.

ఆవిడ నా మణికట్టు పట్టుకుంది. గాజులు నొక్కుకుని నొప్పెట్టింది. పట్టుకోనిచ్చాను. దీపాలు వెలిగాక, అంతేనా, అంత తొందరగా అయిపోయిందా అంది.

మీ పిల్లని ఒకసారి ఇంటికి తీసుకురండి, వాడు అడుగుతున్నాడు అంది.

ఏప్రిల్ 19

పిడుగు వెనకాల బండి ఎక్కాను. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి. మామూలు బండే, రోడ్డు మీద తిరిగేది. హెల్మెట్ నెత్తిని పిండేసింది. ఈల వాళ్లింటికి బయల్దేరాం. ఏం మాట్లాడాలో ఇద్దరం అనుకోలేదు. దాని నడుము పట్టుకున్నాను. వంతెన మీద గాలి కొట్టింది.

వెనక నుంచి ఏదో బండి వస్తున్న చప్పుడైంది. నేను తిరగలేదు. అదీ తిరగలేదు. కాస్త పక్కకి జరిగి దారి ఇచ్చింది. ఎవడో కుర్రాడు మమ్మల్ని దాటి ముందుకు పోయాడు.

వాణ్ణెందుకు పోనిచ్చావే అని దాని వీపు మీద ఒక్కటి చరిచాను.